చార్టులో బాణం ఎందుకు మాయమవుతోంది?

ట్రేడింగ్‌వ్యూలో పైన్ స్క్రిప్ట్‌తో సొంత ఇండికేటర్ రాసుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఏఐని అడిగినా రాసిస్తుంది. ఎర్రర్ లేకుండా రన్ అయితే అంతా సరిగ్గా ఉన్నట్టేనా? ఎర్రర్ చూపించే తప్పు నయం, ఫలానా లైన్‌లో ఉన్నానని చెబుతుంది. డబ్బు పోగొట్టేది చెప్పని తప్పే. దాని పేరు రీపెయింటింగ్.

10.00కు మొదలైన 15 నిమిషాల క్యాండిల్‌నే తీసుకోండి. 10.07కు ధర మూవింగ్ యావరేజ్‌ను దాటింది, ‘కొను’ అని బాణం పడింది. 10.14కల్లా ధర కిందికి జారింది. బాణమూ పోయింది! క్యాండిల్ ముగిసేదాకా ధర మారిన ప్రతిసారీ కోడ్ లెక్క మళ్లీ వేస్తుంది మరి. పాత చార్టులో మాత్రం ముగింపు ధర దగ్గర నిలిచిన బాణాలే మిగులుతాయి. అందుకే గత ఆర్నెల్ల ఫలితాలు అదిరిపోతాయి. కానీ మీరు కొన్నది 10.07కు కదా.

ఇంకోటి మరీ ఘోరం. ఇదే చార్టులోకి రోజువారీ డేటా తెచ్చుకునేటప్పుడు ‘లుక్‌అహెడ్’ ఆన్‌లో ఉంటే, మధ్యాహ్నం 3.30కి తేలాల్సిన ముగింపు ధర పాత చార్టులో ఉదయం 9.15కే కోడ్‌కు తెలిసిపోతుంది. రేపటి పేపర్ ఇవాళే చదివి పందెం కాసినట్టు! మెషీన్ లెర్నింగ్‌లో డేటా లీకేజీ అనేదీ ఈ జబ్బే. డేటా ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారికి పనికొచ్చే పాఠం ఇది.

క్యాండిల్ ముగిశాకే సిగ్నల్, అలర్ట్ వచ్చేలా షరతు పెట్టండి. రోజువారీ డేటాలో నిన్నటి విలువే వాడండి. లాభాల గ్రాఫ్ కుంగిపోవచ్చు, అసలు లెక్క అదే. తర్వాత రెండు వారాలు రూపాయి పెట్టకుండా లైవ్‌లో వదిలి, పడిన ప్రతి బాణాన్నీ టైమ్‌తో సహా రాసుకుని చార్టుతో పోల్చండి.

ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీ తేల్చింది. పోయింది రూ.1.8 లక్షల కోట్లకు పైనే. 2023-24 ట్రేడర్లలో 43 శాతం 30 ఏళ్ల లోపువారు. అన్నీ కోడ్ తప్పులే అనలేం. కానీ పాత చార్టు చూపించి ఇండికేటర్లు అమ్మేవాళ్లకు గిరాకీ ఈ వయసులోనే.

తర్కం బయటపెట్టని ‘బ్లాక్ బాక్స్’ ఆల్గోలు ఇచ్చేవారు రీసెర్చ్ ఎనలిస్ట్‌గా నమోదు కావాలని 2025 ఫిబ్రవరిలో సెబీ చెప్పింది. ఎవరైనా ఇండికేటర్ కొనమంటే నమోదు సంఖ్య అడగండి. స్క్రీన్‌షాట్ వద్దు, ఇవాళ లైవ్‌లో పడిన బాణాలు చూపించమనండి.