ఎరుపూ – ఎరువూ

"టమోటాల్లో వెనకటి రుచి లేదండీ, అంతా మందుల తిండి!" అని ఒకరు. "ఎరువుల్లేకపోతే దేశం తినేదేమిటి, గాలా?" అని ఇంకొకరు. ఈ తగవు ఇంటింటా జరుగుతున్నదే. హాస్టలు మెస్సులో పప్పు మొదలు రసం దాకా టమోటా లేని పూట అరుదు గనుక ఇందులో విద్యార్థులమైన మనకూ వాటా ఉన్నది. ఈ విషయమై నా అభిప్రాయం ఒక్కటే: దోషం ఎరువుది కాదు, కాయను తూకంతో తప్ప మరి దేనితోనూ కొలవని మన పద్ధతిది.

ముందుగా శాస్త్రం ఏమంటుందో చూద్దాం. పేడ ఎరువు వేసినా, యూరియా వేసినా వేరు పీల్చుకునే నత్రజని చాలామటుకు నైట్రేటు, అమ్మోనియం రూపాల్లోనే. కనుక యూరియాను విషమనడం సబబు కాదు. అయితే విటమిన్ 'సి' బస్తాలో దొరికే సరుకు కాదు. దాన్ని మొక్కే వెలుతురులో తయారు చేసుకోవాలి. నత్రజని మోతాదు మించితే మొక్క ఆకు మీద ఆకు వేసి గుబురెక్కుతుంది. కాయ నీడన పడుతుంది, విటమిన్ 'సి' తగ్గుతుంది. దిగుబడి పెరిగినంత జోరుగా లోపలి సారం పెరగకపోతే అది పలచబడుతుంది. అసలే టమోటాలో నూటికి 94 పాళ్ళు నీళ్ళు! పాలలో నీళ్ళు కలిపిన వాడితో తగాదాకు దిగుతాం గానీ, కాయలో చేరిన నీళ్ళను మాత్రం డబ్బిచ్చి కొనుక్కుంటాం.

పొటాష్ సంగతి వేరు. కాయకు పులుపూ, ఎరుపూ రావడానికి అది కావాలి. ఆ ఎరుపే లైకోపీన్. పొటాష్ చాలకపోతే తొడిమ చుట్టూ పచ్చగా, గట్టిగా ఉండిపోయి కాయ మచ్చలు మచ్చలుగా పండుతుంది. కాల్షియం అందకపోతే కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంది. అలాగని అంతా ఎరువుల చేతిలోనే లేదు. వేడి 32 డిగ్రీలు దాటితే లైకోపీన్ తయారీ మందగిస్తుంది. అప్పుడు ఏ బస్తా విప్పినా లాభం లేదు.

2007లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వారు పదేళ్ళ టమోటాలను పరీక్షించారు. సేంద్రియ పద్ధతిలో పండిన వాటిలో క్వెర్సెటిన్ అనే పదార్థం సగటున 79 శాతం ఎక్కువగా ఉన్నది. మొక్కకు నత్రజని అతిగా అందకపోవడమే ఇందుకు కారణం కావచ్చునని వారే సూచించారు. అంటే తేడా పేడకూ యూరియాకూ మధ్య కన్నా, చాలినంతకూ అతికీ మధ్యనే ఎక్కువన్నమాట. ఇక 2004లో అమెరికాలోనే 43 రకాల కూరగాయలు, పండ్ల 1950, 1999 నాటి లెక్కలను పోల్చినవారు ఇనుము, కాల్షియం, విటమిన్ 'సి' వంటి ఆరు పోషకాలు తగ్గాయన్నారు. దానికి వారు చూపిన ముఖ్యకారణం, దిగుబడి కోసమే ఎంపిక చేసిన వంగడాలు!

మరి మన రైతు యూరియానే ఎందుకు కుమ్మరిస్తున్నాడు? 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. ఈనాటికీ 45 కిలోల బస్తా 270 రూపాయల లోపే. పొటాష్ బస్తా అంతకు ఎన్నో రెట్లు. చవకైనదే చేనికి చేరుతుంది. పైగా మదనపల్లె మార్కెట్టులో చూసేది సైజు, గట్టిదనం, రంగు. విటమిన్‌కు పాటపాడే వ్యాపారి ఎవడు? 2023 జూలైలో కిలో వంద దాటిన పండునే, ఇంకో సీజనులో అడిగే నాథుడు లేక రోడ్డున పారబోసిన రైతుకు నీతులు చెప్పే హక్కు మనకెక్కడిది?

"ఆకలిగొన్నవాడికి విటమిన్ల లెక్కలా?" అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని మించిన మోతాదు తగ్గిస్తే పంట తగ్గదు. రైతుకు డబ్బు మిగులుతుంది, బావి నీళ్ళలోకి నైట్రేటు దిగడం తగ్గుతుంది. నారింజ కొనలేని ఇంటికి విటమిన్ 'సి' పెట్టే వాటిలో టమోటా ఒకటి. అందుచేత నష్టపోయేది ముందుగా పేదవాడే.

కాబట్టి యూరియా, పొటాష్ ధరల మధ్య ఈ అఖాతాన్ని పూడ్చాలి. 2015లో మొదలైన భూసార కార్డు బీరువాలో కాక చేలో పనిచేయాలి. మన వంతు పని కూడా ఉంది. విటమిన్ 'సి' కొలవడానికి బ్యూరెట్టూ, కొంచెం అయోడిన్ ద్రావణమూ చాలు. రెండూ మన కెమిస్ట్రీ లాబొరేటరీలో ఉన్నవే. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మిత్రులు తమ చేలలోని కాయలు తెచ్చి, ఏ ఎరువు ఎంత వేశారో చెబితే చాలు. పరీక్షలకు బట్టీపట్టే టైట్రేషన్ ఒక్కసారైనా రైతుకు పనికొస్తుంది. ఆ ఫలితాలు వచ్చే ఏడు ఇదే సంచికలో అచ్చయితే, మన వాదనకు నోటితో పాటు లెక్క కూడా తోడవుతుంది.