ఎమో పాటలు, 88వ కీర్తన



"మావాడి చెవుల్లో ఎప్పుడూ ఆ ఏడుపు పాటలేనయ్యగారూ, ప్రార్థన చేయండి" అని తల్లులు అడుగుతుంటారు. ప్రార్థన తప్పక చేస్తాము. అయితే అవి సాతాను పాటలని మాత్రం మేము అనము.

ఎమో సంగీతము 1980ల మధ్యలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టింది. అక్కడి హార్డ్‌కోర్ పంక్ అంటే అప్పటికి వేగము, కోపము, కచేరీల్లో కొట్లాటలు. 1985 ప్రాంతంలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ అనే బ్యాండ్లు అదే గిటార్ల హోరులో తమ లోపలి బాధను పాడసాగాయి. (ఎమో అనే పేరు వాళ్లకే గిట్టలేదు!) మగపిల్లాడు ఏడవకూడదనే మాట మన పల్లెల్లోనే కాదు, అక్కడా ఉన్నట్టుంది.

సియాటిల్‌లో సన్నీ డే రియల్ ఎస్టేట్ అనే బ్యాండ్ 1994లో 'డైరీ' అనే ఆల్బమ్ తెచ్చింది. దాని గాయకుడు జెరెమీ ఎనిగ్క్ ఆ రోజుల్లోనే క్రీస్తును నమ్ముకున్నాడు. 1995లో బ్యాండ్ విడిపోయింది. అతడు పాడటం మానలేదు. మరుసటి ఏడే సొంత ఆల్బమ్ తెచ్చాడు, తర్వాత పాత స్నేహితులతో మళ్లీ కలిశాడు. మారుమనస్సు పొందినవాడు ఇక నవ్వు పాటలే పాడాలని ఎవరు చెప్పారు?

2008లో ఇంగ్లాండులో ఒక పత్రిక ఎమోను ప్రాణాంతకమైన మతంలా చిత్రించింది. మై కెమికల్ రొమాన్స్ అభిమానులైన పిల్లలు లండన్‌లో దాని ఆఫీసు ముందే నిరసన తెలిపారు. పెద్దలు పాటను నిందించినంత సులువుగా పిల్లల మాట వినరు. మన సంఘాల్లోనూ అంతే.

హేమాను రాసిన 88వ కీర్తన చదవండి. మిగతా విలాప కీర్తనలు చాలామట్టుకు చివరికి స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటితోనే ఆగిపోతుంది. దేవుడు దాన్ని బైబిలులోనుండి తీసివేయలేదు. మనం మాత్రం సాక్ష్యం చెప్పేవారు కన్నీళ్లు తుడుచుకునే దాకా మైకు ఇవ్వము.

తల్లిదండ్రులారా, ఒక ఇయర్‌ఫోన్ అడిగి మీరూ వినండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే ఏమన్నాడో వాడినే చెప్పమనండి. అన్నం, నిద్ర మానినా, చేతులు కోసుకున్నా, చావు మాట ఎత్తినా ఫోను లాక్కోవద్దు; వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రార్థన దారిలో కూడా చేయవచ్చు.

యౌవనస్థులారా, శనివారం కూడికకు మీకు నచ్చిన పాట ఒకటి తెచ్చుకోండి. ఆ రోజు ఫోన్లు ఆపమని చెప్పము.