‘ఆయ్’ నేర్పవలసిన యాప్

గోదావరి మండలముల మాటతీరును పరప్రాంతీయులకు సెల్‌ఫోనులో నేర్పఁదలఁచు యువకులు, పదమునకెదుట అర్థమును వ్రాసి అంతటితో ముగింతురేని, వారి శ్రమ యంతయు నిష్ఫలమగునని నా దృఢవిశ్వాసము. ‘ఆయ్’ అను మాటనే చూడుఁడు. రావులపాలెపు అరటి మార్కెట్టులో వ్యాపారి గెల ధర చెప్పుచుండఁగా, రైతు నడుమనడుమ ‘ఆయ్, ఆయ్’ అనుచుండును. దానికి ‘అవును’ అని మాత్రమే అర్థము నేర్చినవాఁడు బేరము కుదిరినదనుకొనును. రైతు మాత్రము వినుచున్నానని మర్యాదగాఁ దెలిపెనంతియే. కావున యాప్‌లో అక్షరముకంటె ముందు ధ్వని యుండవలెను; ధ్వనితోఁ గూడ సందర్భమును ఉండవలెను. ఎటకారము సంగతి ఆ పిమ్మట. చెవికి అలవడినఁ గాని అది నాలుకకెక్కదు.

ఇట్లు చెవితో విని మాటను తెలిసికొనుట క్రొత్త విద్య కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమునకై, పదములను కర్షకుల నోటనే విని సేకరించిరి. నేఁటి యాప్ రూపకర్తలును అట్లే దాని నమూనాను చేతఁబట్టుకొని అమలాపురము బస్సెక్కవలెను. హైదరాబాదునుండి వచ్చిన క్రొత్తకోడలికి దానినిచ్చి, ఆమె అత్తగారితో మాటాడునప్పుడు ఎచ్చటఁ దడఁబడునో, అత్తగారెచ్చట నవ్వునో, ప్రక్కనఁ గూర్చుండి నోరు మెదపక గమనింపవలెను. ‘ఎలా ఉంది?’ అని యడిగినచో మనవారు ‘ఆయ్, చాలా బాగుందండి’ అనియే యందురు. ఇంటికి వచ్చినవారి మనస్సు నొప్పించుట వారికిఁ జేతగాదు. ఆ మెప్పును ప్రక్కనఁబెట్టి, కోడలి వ్రేలు తెరపై నెచ్చట నాగినదో దానినే వ్రాసికొనవలెను.