ఇరవయ్యారు రోజులా, ఇరవై నాలుగా?

ప్రతి ఏడాదీ మన కాలేజీలో కనీసం రెండు మూడు బ్యాచ్‌లు ఒకే ప్రాజెక్టు చేస్తాయి. పేరు అటూ ఇటూ మారుతుంది గానీ సరుకు ఒకటే: ముఖం చూసి హాజరు వేసే సిస్టం. పైథాన్, ఓపెన్‌సీవీ, ఒక వెబ్‌క్యామ్, చివర్లో ఒక ఎక్సెల్ షీట్. వైవాలో "దీనివల్ల ఉపయోగం ఏంటి?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ప్రాక్సీ ఆపడానికి సార్."

నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. హాజరు సిస్టం అసలు పని ప్రాక్సీని పట్టుకోవడం కాదు. మనిషి పని చేసిన ప్రతి రోజూ జీతం లెక్కలోకి చేరేలా చూడటం. రానివాడికి హాజరు పడితే యజమానికి నష్టం. వచ్చినవాడికి పడకపోతే పనివాడికి నష్టం. మనం మొదటి తప్పు కోసమే కోడ్ రాస్తున్నాం. రెండో తప్పు మన డెమోలో ఎక్కడా కనపడదు.

మనకి హాజరంటే 75 శాతం. కాస్త తగ్గినా 65 వరకూ కాండొనేషన్ అనే దారి ఒకటుంది. కూలికి వెళ్ళేవాళ్ళకి ఆ దారి లేదు. పడని రోజు పోయిన రోజే.

మా పిన్ని నాగాయలంక వైపు ఒక రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. పోయిన ఏడాది ఒక నెల 26 రోజులు వెళ్ళింది. చేతికి 24 రోజుల డబ్బులొచ్చాయి. అడిగితే ఆఫీసులో కుర్రాడు "మిషన్లో అంతే ఉందమ్మా" అన్నాడు. "ఆ రెండు రోజులూ నేనెక్కడికి పోయానంట?" అని పిన్ని అడిగింది. దానికి అతని దగ్గర జవాబు లేదు, ఆమె దగ్గర కాగితం లేదు. పొద్దస్తమానం ఐసు నీళ్ళల్లో నానిన వేళ్ళు వేలిముద్ర మిషన్ మీద పడవని ఆ షెడ్డులో ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది మిషన్‌కే.

ఇక్కడ ఎవరూ కావాలని దొంగలెక్క రాసి ఉండకపోవచ్చు. ప్రోగ్రామ్ ఒక్కటి చాలు. మనకి అర్థమయ్యే భాషలోనే మూడు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది, రాత్రి షిఫ్టు. ఐసు ఫ్యాక్టరీలో ఒకతను రాత్రి 10 గంటలకి పంచ్ కొట్టి లోపలికెళ్ళాడు, పొద్దున్న 6 గంటలకి బయటికొచ్చాడు. సిస్టం హాజరుని తేదీల వారీగా విడగొడితే ఏమవుతుంది? మొదటి తేదీలో రాక ఉంది, పోక లేదు. రెండో తేదీలో పోక ఉంది, రాక లేదు. రెండూ అసంపూర్తి. ఎనిమిది గంటలు పనిచేసిన మనిషి రెండు రోజులూ రానట్టే.

రెండోది, రౌండింగ్. చాలాచోట్ల టైముని పావుగంటలకి సర్దుతారు. 9:03కి వస్తే 9:15 అని, 6:12కి వెళ్తే 6:00 అని పడుతుంది. వచ్చేటప్పుడు సీలింగ్, వెళ్ళేటప్పుడు ఫ్లోర్ అన్నమాట. రోజుకి 12, 12 కలిపి 24 నిమిషాలు. 26 రోజులకి 624 నిమిషాలు, అంటే 10 గంటల 24 నిమిషాలు. ఒక రోజు పని పూర్తిగా మాయమై, ఇంకా రెండు గంటలు పైన పోయాయి. పేస్లిప్‌లో ఆ సంగతి చెప్పే గడి ఒక్కటీ ఉండదు.

మూడోది, భాగహారం. నెలకి 12,000 జీతమనుకుందాం. 30తో భాగిస్తే రోజుకి 400. ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తే 461 పైచిలుకు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. గ్రాట్యుటీ లెక్కకి చట్టమే 26 తీసుకుంటుంది. చిక్కెక్కడంటే, సెలవు పెట్టిన రోజుకి 26 లెక్కన కోసి, అదనంగా చేసిన రోజుకి 30 లెక్కన ఇస్తే పనివాడికి రెండువైపులా దెబ్బే. ఏ అంకెతో భాగించారో స్లిప్‌లో రాయనంతకాలం ఇది ఎవరికీ తెలియదు.

"ఒకటి రెండు రోజులకి ఇంత గోలా?" అనుకోవచ్చు. పోయేది ఆ రోజు కూలి ఒక్కటే అయితే ఏదోలా సర్దుకోవచ్చు. కానీ రోజుల లెక్క మీద చాలా హక్కులు వేలాడుతున్నాయి. ఈఎస్‌ఐలో జబ్బు చేసినప్పుడు వచ్చే భత్యం కావాలంటే, దానికి సంబంధించిన ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉండాలి. 78 ఉంటే జీతంలో 70 శాతం చొప్పున 91 రోజుల దాకా వస్తుంది. 77 ఉంటే ఏమీ రాదు. ప్రసూతి ప్రయోజనం కింద డబ్బు రావాలంటే కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అమల్లో ఉన్నన్నాళ్ళూ ఏడాదికి 240 రోజులు చేసినవాళ్ళకే జీతంతో సెలవులు వచ్చేవి. అంటే ఇవాళ వేలిముద్ర పడకపోతే, దాని ఫలితం ఏడు నెలల తర్వాత ఆసుపత్రిలో తెలియొచ్చు.

కొత్త టెక్నాలజీ ఈ సమస్యని తీర్చేసిందా? ఉపాధి హామీ పనులు చూడండి. 2021 మేలో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు. కూలీలని నిలబెట్టి రోజుకి రెండుసార్లు లొకేషన్‌తో సహా ఫొటో తీసి ఎక్కించాలి. ఉద్దేశం దొంగ మస్టర్లు ఆపడం. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది: పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకే మళ్ళీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, ఫొటోలో మనుషులకీ మస్టరులో అంకెకీ పొంతన లేదని. దొంగ లెక్క రాసేవాడు యాప్‌లోనూ దారి వెతుక్కున్నాడు. మరోవైపు సిగ్నల్ లేకో సర్వర్ ఆగో ఫొటో ఎక్కక, ఎండలో మట్టి తీసిన రోజు కూలి పోయిందని చాలా రాష్ట్రాల్లో కూలీలు మొత్తుకున్నారు. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో టీచర్లకి ముఖం గుర్తించే యాప్ పెట్టినప్పుడూ సిగ్నల్ గురించే గొడవ. టీచర్లకి సంఘాలున్నాయి కాబట్టి గొంతు వినపడింది. మా పిన్నికి ఏ సంఘం ఉంది?

ఇక్కడే మన డెల్టాలో పాత పద్ధతి ఒకటి గుర్తు చేసుకోవాలి. గుడివాడ చుట్టుపక్కల గానీ, దివిసీమలో గానీ నాట్లకి ముఠాలుగా వెళ్తారు. ఎవరెవరు వచ్చారో మేస్త్రి చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. ఆ పుస్తకం సత్యహరిశ్చంద్రుడేమీ కాదు, మోసాలు అందులోనూ జరిగాయి. కానీ లెక్క గట్టు మీద అందరి ముందూ తేలుతుంది. "నన్ను రాయలేదేంటి?" అని అక్కడికక్కడే అడగొచ్చు, పక్కనే వంగి నాటిన మనిషి సాక్ష్యం చెప్పొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి సామాజిక తనిఖీల బలం కూడా అదే. మస్టరులో పేర్లు ఊరి ముందు పైకి చదివితే, పని చేయని పేరూ బయటపడుతుంది, చేసినా పడని పేరూ బయటపడుతుంది. ఎవరి లెక్కో వాళ్ళ ఎదుటే తేలాలి. మనం కడుతున్న సిస్టంలలో పోగొట్టుకున్నది సరిగ్గా దీన్నే.

చట్టం ఈ విషయంలో పనివాడి పక్కనే ఉంది. రాని కాలానికి ఎంత భాగమో అంతకు మించి జీతం కోయకూడదన్నది 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఉన్న సాధారణ నియమం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం యజమాని ఉద్యోగులకి వేతన స్లిప్ ఇవ్వాలి. కానీ "మొత్తం ఇంత, కోత ఇంత" అని రెండు అంకెలు రాసిన స్లిప్‌తో ఎవరు ఏం వాదించగలరు?

అందుకే ఈసారి ఈ ప్రాజెక్టు తీసుకునే జూనియర్లకి నా మాట. ఆక్యురసీ 97 శాతం అని స్లైడ్‌లో పెట్టి చప్పట్లు కొట్టించుకోకండి. వందమంది పనిచేసే షెడ్డులో మిగతా మూడు శాతం అంటే రోజుకి ముగ్గురు మనుషులు. వాళ్ళ కోసం నాలుగు పనులు చేయండి. హాజరు పడగానే పనివాళ్ళకి తెలుగులో మెసేజ్ వెళ్ళాలి, ఫోన్ లేకపోతే చిన్న చీటీ రావాలి. మిషన్ గుర్తుపట్టకపోతే "గైర్హాజరు" అని కాకుండా "తేలలేదు" అని పడాలి. జీతం లెక్క కట్టడానికి మూడు రోజుల ముందు నెల హాజరంతా గోడ మీద అంటించాలి, తప్పులు చెప్పడానికి టైమివ్వాలి. ఎవరు ఎప్పుడు ఏ ఎంట్రీ మార్చారో చెరిగిపోకుండా ఉండాలి.

వీటిలో కష్టమైన అల్గారిదం ఒక్కటీ లేదు. డేటాబేస్‌లో ఒక కాలమ్, ఒక ఎస్‌ఎంఎస్, ఒక ప్రింటవుట్. ఇది ఖర్చని యజమానులు అనొచ్చు. ప్రాక్సీ పట్టే కెమెరాకి పెట్టిన డబ్బుతో పోలిస్తే ఇదెంత? రేపు మనలో చాలామంది ఏదో ఒక కంపెనీలో పేరోల్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. అప్పుడు "రికార్డ్ లేకపోతే ఆబ్సెంట్" అనే ఒక్క లైను డీఫాల్ట్‌గా పెట్టాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంటుంది.