బ్రేకు అరిస్తే నోరు నొక్కకండి!

కారు బ్రేకు కీచుమంటే చాలు, సలహాలకు కొదవుండదు. 'రెండు చుక్కలు నూనె వేయండి' అంటారొకరు. 'గ్రీజు పూస్తే సరి' అంటారు ఇంకొకరు. 'గరుకు కాగితంతో రుద్దేయండి, అదే పోతుంది' అని మరొకరి మాట. తలుపు బందు కిర్రుమంటే నూనె వేస్తాం కదా, ఇదీ అంతేననుకుంటే... చిక్కంతా అక్కడే!

బందుకు రాపిడి ఉండకూడదు. బ్రేకు పనిచేసేదే రాపిడితో. పెడల్ తొక్కగానే చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కును ప్యాడ్లు రెండువైపులా అదిమి పడతాయి. ఆ ఒరిపిడికే బండి ఆగుతుంది. అక్కడ నూనె పడితే చప్పుడుతోపాటు పట్టూ పోతుంది. ఒక చక్రానికే అంటుకుంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. నూనె పీల్చుకున్న ప్యాడ్‌ను మార్చాల్సిందే.

గ్రీజు మెకానిక్కులూ వాడతారు. అయితే అది ఎక్కువ వేడికి తట్టుకునే ప్రత్యేకమైన గ్రీజు. ప్యాడ్ వెనకవైపు, క్యాలిపర్ జరిగే పిన్నులకు పల్చగా రాస్తారు. డిస్కును తాకే వైపు చుక్క కూడా పడనివ్వరు. నోటి సలహాల్లో ఎగిరిపోయేది ఈ చివరి మాటే.

గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు చప్పుడు తగ్గొచ్చు. కానీ అరిగిన ప్యాడ్ మందమెక్కదుగా! పైగా ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. పాత ప్యాడ్లయితే అందులో ఆస్‌బెస్టాస్ కూడా ఉండొచ్చు.

చాలా ప్యాడ్లకు చిన్న రేకు ఒకటి ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడ్డాక అది డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. 'ఇక మార్చండి' అని చెప్పడమే దాని పని. దాన్ని వంచేయడమంటే దొంగొచ్చాడని మొరిగే కుక్క మూతి కట్టేయడమే. ప్యాడ్ పూర్తిగా అరిగితే వెనకున్న ఇనుప పలక డిస్కును గీరేస్తుంది. అప్పుడు డిస్కు ఖర్చూ మీదపడుతుంది.

'వీధి చివరిదాకా నడిపి చూశాం, బాగానే ఆగింది' అన్న ధీమా వద్దు. వేగం 40 నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావాల్సిన దూరం రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. వీధిలో బయటపడని లోపం హైవే మీద, తిరుమల ఘాట్ దిగేటప్పుడు బయటపడుతుంది. ఇంటిల్లిపాదీ బండిలో ఉన్నప్పుడు!

అలాగని ప్రతి చప్పుడుకూ కంగారు అక్కర్లేదు. వానలో తడిసినా, రాత్రంతా మంచులో నిలిపినా డిస్కు మీద పల్చటి తుప్పు పడుతుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే అదే పోతుంది. రోజూ కీచుమంటుంటే మాత్రం చూపించండి. గరగరమని గీరుతున్నా, పెడల్ అదురుతున్నా, బండి పక్కకు లాగుతున్నా ఆలస్యం చేయొద్దు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే అసలు నడపొద్దు.

మెకానిక్కు దగ్గర 'చప్పుడు పోగొట్టు' అనకండి. 'ప్యాడ్ మందం ఎంతుందో చూపించు' అనండి. అది 3 మిల్లీమీటర్లకు దిగితే మార్పించేయండి.