అడిగి వేసిన బొమ్మే మొహల్లాది

హైదరాబాద్ ఎం.ఎస్. మక్తా బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ కళాకారులు ఇళ్ల గోడలపై పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. గల్లీకి కొత్త పేరొచ్చింది. మరి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మన మొహల్లాలకు ఇది పనికొస్తుందా?

కళకు కొదవ లేదు. ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసే కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర తండ్రీకొడుకులది తెనాలే. చిక్కు వేరే ఉంది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయ్యాక రేపల్లె అటు పోయింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. మూడు ఊళ్లూ కలిసి ఏం చేయాలన్నా రెండు కలెక్టరేట్లు తిరగాలి! అందుకే ఎవరి గల్లీలో వాళ్లు మొదలుపెట్టడమే నయం.

లెక్క చూస్తే రంగు డబ్బాల ఖర్చు ఒక్కసారిదే. ఇంటింటికీ వెళ్లి "చాచా, మీ గోడ మీద వేసుకోమంటారా?" అని అడగడానికే రోజులు పడతాయి. పరిచయాలు పెరిగేది కూడా అక్కడే. తాను ఒప్పుకున్న గోడైతే, వానకు రంగు వెలిసినప్పుడు ఆ చాచాయే కబురు పెడతాడు.

జీవుల బొమ్మలు వద్దనే ఇళ్లూ ఉంటాయి. తీగలు, జాలీలు, ఉర్దూ తెలుగు అక్షరాలు వేస్తే పేచీ లేదు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన బోర్డు పెయింటర్లు ఉన్నారు కదా, ముందు పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపండి. కూలి మాత్రం ఇవ్వండి.