బోర్డు తలుపు వెనక ఉండాల్సిన పటం

పక్కపక్కన రెండు నిలువు గీతలు, వాటికి చెరోవైపు ఒక తీగ. ఈ గుర్తును డిప్లొమా విద్యార్థికి చూపిస్తే తడుముకోకుండా కెపాసిటర్ అంటాడు. అమెరికా పద్ధతిలో కంట్రోల్ ప్యానెళ్ల పటాలు గీసేవారికి మాత్రం అది నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు, అంటే రిలే పనిచేసినప్పుడు మూసుకునే స్విచ్చు. ఒకటి కరెంటును దాచుకునే వస్తువు, మరొకటి కరెంటుకు దారి ఇచ్చేది. కాగితం మీద రెంటికీ ఒకటే రూపం. పటం ఏ దేశపు పద్ధతిలో గీసిందో తెలియకుండా పని మొదలుపెడితే మొదటి వైరు దగ్గరే తప్పు పడుతుంది.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ చిక్కు ముందే ఎదురవుతుంది. ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్‌లో అమెరికా గుర్తుల గ్రంథాలయం వేరు, అంతర్జాతీయ ఐఈసీ గుర్తుల గ్రంథాలయం వేరు. ఉచితంగా దొరికే కైక్యాడ్‌లో రెసిస్టర్ కోసం వెతికితే రెండు కనిపిస్తాయి. ‘ఆర్’ అన్నది దీర్ఘచతురస్రం, ‘ఆర్ యూఎస్’ అన్నది వంకర గీత. ఐఈసీ 60617 ప్రమాణంలో సుమారు 1,900 గుర్తులున్నాయి. మన భారతీయ ప్రమాణాలు కూడా చాలాకాలంగా ఐఈసీ బాటలోనే నడుస్తున్నాయి. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని గీసేవారు ఏ వైపు ఉండాలన్నదానిపై సందేహం అక్కర్లేదు. ఇన్ని గుర్తులున్నా మన పాత ఇళ్ల గోడల మీదున్న వస్తువులను ఉన్నవి ఉన్నట్టు గీద్దామంటే ఆ గ్రంథాలయాల్లో తయారుగా దొరకకపోవడమే అసలు బాధ.

పత్తర్‌గట్టి వెనక గల్లీల్లోనో, శాలిబండలోనో ఏదైనా పాత ఇంట్లో మెయిన్ బోర్డు చూడండి. అడుగున ఇనుప డబ్బాలో మెయిన్ స్విచ్చు, పైన పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు. వాటి పక్కన తరవాతెప్పుడో బిగించిన ఎంసీబీ పెట్టె. ఇన్వర్టర్ వచ్చినప్పుడు ఒక చేంజోవర్, ఏసీ కొన్నప్పుడు మీటర్ దగ్గర్నుంచి లాగిన మరో లైను, మెట్ల కింద బోరు మోటరు స్టార్టర్. ఒక్కొక్కటీ ఒక్కో మిస్త్రీ, ఒక్కో కాలంలో పెట్టినవి. ఏ వైరు ఎక్కడికి పోతుందో ఆ మిస్త్రీలకే ఎరుక. వాళ్లలో కొందరు దుబాయ్ వెళ్లిపోయారు, కొందరు లోకంలోనే లేరు. ఇంటి కరెంటు చరిత్ర వాళ్లతోపాటే పోయింది.

2025 మే 18, ఆదివారం ఉదయం. గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చని అధికారులు తొలుత అనుమానించారు. ఒక కాగితం పటం ఉండి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవని అనడం తప్పు, ఆ కుటుంబం పట్ల అన్యాయం కూడా. అయితే ఆ ఉదయం తరవాత పాతబస్తీలో ప్రతి ఇంటిముందూ నిలబడి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఇంట్లో ఏ లోడు ఏ వైరు మీద ఉందో చెప్పగలిగినవారు ఎవరు?

జవాబు బోర్డు తలుపు లోపలివైపు అంటించి ఉండాలి. ఇళ్ల వైరింగ్‌కు చాలా దేశాల్లో ఆధారమైన ఐఈసీ 60364 ప్రమాణం సర్క్యూట్ల వివరాలతో పటాలు, చార్టులు ఉండాలంటుంది. మన ఐఎస్ 732 కూడా దాన్ని అనుసరించి రాసిందే. కొత్త అపార్ట్‌మెంట్ల సంగతి ఎలా ఉన్నా, పాత ఇళ్లకు ఈ పటం గీసేవాళ్లే లేరు. గీద్దామని ఎవరైనా కూర్చున్నా గుర్తుల దగ్గరే ఆగిపోతున్నారు.

ఎక్కడ ఆగిపోతున్నారో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక వర్క్‌షాపులోని త్రీఫేజ్ మోటరుకు డీఓఎల్ స్టార్టర్, అంటే మోటరును నేరుగా లైనుకు కలిపే స్టార్టర్ గీయాలి. ఇంటర్నెట్‌లో బొమ్మ వెతికి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో అతికించడం సులువు. చూడటానికి అచ్చం స్టార్టర్‌లాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది గీతల ముద్ద. దానికి టెర్మినళ్లు ఉండవు, పేరు ఉండదు, వైరు వచ్చి తాకినా కలిసినట్టు తెలియదు. నిజమైన గుర్తుకు ప్రాణం దాని టెర్మినళ్లే. కాంటాక్టర్ కాయిల్‌కు ఏ1, ఏ2. అదనపు కాంటాక్టుకు 13, 14. ఓవర్‌లోడ్ రిలేలో మామూలుగా మూసి ఉండేది 95–96, తెరిచి ఉండేది 97–98. ఈ అంకెలు కాంటాక్టర్ మీద, రిలే మీద అచ్చువేసి ఉంటాయి. పటంలోనూ అవే ఉండాలి. కాయిల్‌ను ఒక పేజీలో, దాని కాంటాక్టులను ఇంకో పేజీలో గీసినా రెంటికీ కే1 అనే ఒకే పేరు ఉంటే, ఇవి ఒకే వస్తువు భాగాలని సాఫ్ట్‌వేర్ గుర్తుపడుతుంది.

తొందరలో ఎవరో 95–96 ఉండాల్సిన చోట 97–98 రాశారనుకుందాం. మిస్త్రీ పటం ప్రకారమే వైరు బిగిస్తాడు. బటన్ నొక్కితే మోటరు తిరగదు. సాయంత్రం కావస్తుంటుంది, ఆర్డరు పూర్తికావాలని యజమాని పక్కనే నిలబడి తొందరపెడుతుంటాడు. మిస్త్రీ చివరికి రిలేను తప్పించి డైరెక్ట్ చేసేస్తాడు. మోటరు తిరుగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ క్షణం నుంచి దానికి ఓవర్‌లోడ్ రక్షణ లేదు. వైండింగ్ కాలిన రోజు ఎవరికీ ఆ అంకె గుర్తుకు రాదు.

ఇంకో చిన్న విషయం కొత్తవారిని చాలా ఏడిపిస్తుంది. సొంతంగా గుర్తు గీసేటప్పుడు టెర్మినళ్లను గళ్ల మీద సరిగ్గా నిలపాలి. కైక్యాడ్‌లో ఆ గడి 50 మిల్, అంటే 1.27 మిల్లీమీటర్లు. టెర్మినల్ వెంట్రుకవాసి పక్కకు జరిగితే కంటికి వైరు కలిసినట్టే ఉంటుంది, లెక్కలో మాత్రం కలవదు. తప్పులు వెతికే ఈఆర్‌సీ పరీక్ష నడిపితే బయటపడుతుంది. ఆ పరీక్ష నడిపే అలవాటు తరగతి గదిలోనే పడాలి.

ఛత్తా బజార్ ముద్రణాలయాలవారికి ఇలాంటి శ్రమ విలువ తెలుసు. ఉర్దూ నస్తాలిక్ లిపి కంప్యూటర్‌లోకి రావడానికి 1980ల మొదట్లో లిపికారుడు మిర్జా అహ్మద్ జమీల్ సుమారు ఇరవై వేల అక్షర సంయోగాలు సిద్ధం చేయాల్సి వచ్చింది. ఒకసారి చేసిన ఆ పని తరవాత అందరికీ పనికొచ్చింది. కరెంటు గుర్తులకు అంత పని లేదు. పాతబస్తీ ఇళ్లు, దుకాణాలు, చిన్న వర్క్‌షాపుల్లో వాడే వస్తువులకు వంద గుర్తులైనా చాలు.

చేయగలిగినవారు దూరంగా లేరు. చందూలాల్ బారాదరిలో కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. 1978 నుంచి జంటనగరాల యువతకు చేతిపనులు నేర్పుతున్న సెట్విన్ ఉంది. క్యూఎలక్ట్రోటెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వైరింగ్ పటాల కోసమే పుట్టింది. దానిలో గుర్తును సొంతంగా తయారుచేసుకోవచ్చు, ఒకే గుర్తుకు పేరును అనేక భాషల్లో రాసిపెట్టుకోవచ్చు. చివరి ఏడాది ప్రాజెక్టుగా పదిమంది విద్యార్థులకు పదేసి గుర్తులు ఇవ్వాలి. విద్యుత్ తనిఖీ శాఖ ఇంజినీరు ఒకరు వాటిని సరిచూడాలి. నగరానికి కరెంటు పంపిణీ చేసే దక్షిణ డిస్కమ్ వాటిని తన సెక్షన్ ఆఫీసుల్లో ఉచితంగా అందుబాటులో పెట్టాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. కొత్త ఆకారాలు కనిపెట్టకూడదు. కిట్‌క్యాట్‌కు ముచ్చటగా ఓ పింగాణీ బొమ్మ గీయాలనిపిస్తుంది, కానీ అది ఫ్యూజు. ఫ్యూజుకు ఐఈసీ రూపం ఉంది, అదే వాడాలి. మన పని ఆ రూపానికి సరైన టెర్మినళ్లు, ఆంపియర్లు జోడించి, తెలుగులో, ఉర్దూలో పేరు పెట్టడం. పేరు కూడా మిస్త్రీ నోట వినిపించేదే కావాలి. పుస్తకంలో ‘నిరోధకం’ అని చదివిన కుర్రాడు కోఠి గుజరాతీ గల్లీలో ఆ మాటతో అడిగితే దుకాణదారు తెల్లమొహం వేస్తాడు. రెసిస్టర్ అంటేనే డబ్బా తీస్తాడు.

పటాలు గీసి అంటించినా ఆరునెలల్లో పాతబడిపోతాయని అనుభవజ్ఞులు అంటారు. ఆ మాటలో నిజముంది. ఏసీ లైను కొత్తగా లాగినవాడు పటాన్ని మార్చకపోతే అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి ఎవరో చెయ్యి పెడతారు. అందుకే గుర్తులు సిద్ధంగా, ఉచితంగా, మిస్త్రీ ఫోన్‌లోనో, పక్కనున్న జిరాక్సు షాపులోనో దొరకాలి. ఒక ఎంసీబీ చేర్చి, తేదీ వేసి, కొత్త కాగితం తీయడానికి పది నిమిషాలకు మించి పట్టకూడదు. అరగంట పడితే ఎవరూ చేయరు.

మొదలు ఎక్కడన్నదీ కష్టమైన నిర్ణయం కాదు. ఇనుప డబ్బాలోని ఐసీడీపీ మెయిన్ స్విచ్చు, కిట్‌క్యాట్, ఇన్వర్టర్ చేంజోవర్, కరెంటు లీకైతే లైను తెంపే ఆర్‌సీసీబీ, రెండు కెపాసిటర్ల బోరు మోటరు స్టార్టర్. ఈ ఐదింటితో ఓ సాధారణ పాతబస్తీ ఇంటి మెయిన్ బోర్డులో ఎక్కువ భాగం కాగితం మీదికి వచ్చేస్తుంది. వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టుల జాబితా రాసే అధ్యాపకులు ఈ ఐదింటినీ మొదటి వరసలో చేర్చుకోవాలి.